రగ్బీ వరల్డ్ కప్ 2027, ఆస్ట్రేలియా: అమ్మ, పిల్లలతో వెళ్తున్నాం, రూమ్ ఎక్కడ తీసుకోవాలి, కారు ఎక్కడ పెట్టాలి?

సుబేదారి_శీను:
అందరికీ నమస్తే. 2027 అక్టోబర్ 1న పర్త్‌లో రగ్బీ వరల్డ్ కప్ మొదలవుతుంది, ఫైనల్ నవంబర్ 13న సిడ్నీలో. మేం ఐదుగురం: నేను, మా ఆవిడ, పదేళ్ల బాబు, ఐదేళ్ల పాప, అమ్మ. ఫైనల్ దాకా ఉండటానికి సెలవూ లేదు, డబ్బూ లేదు. పర్త్‌లో మొదటి మ్యాచ్ చూసి సిడ్నీ పోయి అక్కడ ఒకటో రెండో చూసి వచ్చేద్దామని ప్లాన్. "రగ్బీ మనకెందుకు అన్నా" అని అడిగేవాళ్లకు ముందే చెప్తున్నా, 2025 జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ జరిగినప్పుడు హైదరాబాద్ హీరోస్ మ్యాచ్‌లు చూసి మావాడికి పిచ్చి పట్టింది, వాడి నుంచి నాకు అంటుకుంది.

అసలు విషయం ఏంటంటే అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేదు. అందుకని దిగగానే ఏడు సీట్ల కారు అద్దెకు తీసుకుని, స్టేడియం దగ్గర్లో పార్కింగ్ ఉన్న హోటల్లో దిగుదామనుకుంటున్నా. స్టేడియం పక్కన మామూలు రోజుల రేట్లు చూస్తేనే కళ్లు తిరిగాయి, వరల్డ్ కప్ అప్పుడు ఎంత చెప్తారో తెలియదు, పైగా చాలా చోట్ల పార్కింగ్‌కి రోజుకింత అని వేరే. పోనీ దూరంగా తీసుకుంటే మ్యాచ్ రోజు కారు ఎక్కడ పెట్టాలి? అక్కడ ఉన్నవాళ్లు, పోయి వచ్చినవాళ్లు చెప్పండి.

జమ్మికుంట_బావ:
కారు తీసుకో బావా, ఆలోచించకు. ఫ్యామిలీతో పోతూ బస్సులు, రైళ్లు పట్టుకుని తిరుగుతావా. మనలాగే ఎడమ పక్క డ్రైవింగ్, మన లైసెన్స్ ఇంగ్లిష్‌లోనే ఉంటుంది, ఇబ్బందే లేదు. పర్త్ నుంచి సిడ్నీకి కూడా రోడ్డు మీదే పోండి, మధ్యలో అన్నీ చూసుకుంటూ.

పరకాల_టు_పర్త్:
బావా, మ్యాప్ ఒకసారి తెరిచి చూడు. పర్త్ నుంచి సిడ్నీకి రోడ్డు దాదాపు 4,000 కిలోమీటర్లు. వరంగల్ నుంచి ఢిల్లీ పోయి వచ్చినా ఇంకా మిగులుతుంది. మధ్యలో నల్లార్‌బోర్ అని ఎడారి లాంటి మైదానం, పెట్రోల్ బంకుకీ పెట్రోల్ బంకుకీ మధ్యే గంటల ప్రయాణం. ఫ్లైట్ అయితే నాలుగైదు గంటలు. ఐదేళ్ల పాపతో, మోకాళ్ల నొప్పుల అమ్మతో ఆ రోడ్డు వద్దే వద్దు.

శీను అన్నా, నేను పర్త్‌లోనే ఉంటా కాబట్టి ఇక్కడి సంగతి నేను చెప్తా. పర్త్ స్టేడియం (మ్యాప్‌లో ఆప్టస్ స్టేడియం అని కనిపిస్తుంది) 60,000 మంది పట్టేది. అక్కడ ప్రేక్షకులకు మామూలు పార్కింగే లేదు. తక్కువ ఉందని కాదు, లేదు. కట్టినప్పుడే జనం రైల్లో, బస్సులో, నడిచి రావాలని కట్టారు. స్టేడియం పేరుతోనే సొంత రైల్వే స్టేషన్ ఉంది, అందులోంచి బయటికొస్తే ఎదురుగా గేట్లే. ఇంకో పక్క స్వాన్ నది మీద మటగరుప్ అని నడక వంతెన ఉంది, 2018లో తెరిచారు, ఈస్ట్ పర్త్ వైపు నుంచి దాని మీద నడిచి వస్తారు. అమ్మకి వంతెన వద్దు, బాగానే దూరం, రైలే మంచిది.

కాబట్టి "స్టేడియం దగ్గర్లో పార్కింగ్ ఉన్న హోటల్" అని వెతికితే, కారు హోటల్లో పడి ఉంటుంది, దానికి రోజూ డబ్బు కడతారు, మ్యాచ్‌కి మాత్రం రైల్లోనే పోతారు. ఎయిర్‌పోర్టు నుంచి కూడా 2022 నుంచి రైలు ఉంది. సిటీలో పర్త్ స్టేషన్ చుట్టుపక్కల రూమ్ చూడండి, చాలు.

సుబేదారి_శీను:
ఇది నిజంగా తెలియదు తమ్ముడూ. 60,000 మంది వచ్చే చోట పార్కింగ్ లేకుండా ఎట్లా కట్టారు? మన దగ్గర అయితే ముందు పార్కింగ్ ఎక్కడని అడుగుతారు.

కాజీపేట_జంక్షన్:
మన దగ్గర మాత్రం వేరేనా ఏంది? మేడారం జాతరకు సొంత కారులో పోయినోడు ఎక్కడో పొలాల్లో బండి పెట్టి, సామాన్లు నెత్తిన పెట్టుకుని, ముసలోళ్లను పట్టుకుని కిలోమీటర్లు నడుస్తాడు. ఆర్టీసీ బస్సెక్కినోడు గద్దెల దగ్గర్లో దిగుతాడు. ఏసీ కారు ఉందని మురిసిపోయినోడే ఎక్కువ నడిచేది. అక్కడ కూడా అదే లెక్క, కాకపోతే బస్సు బదులు రైలు.

జమ్మికుంట_బావ:
అది జాతర, కోటి మంది వస్తారు. ఇది ఆట. పోల్చడం బాగానే ఉంది గానీ అందరికీ రైలు దిక్కు అంటే ఎట్లా. పెద్దామె మెట్లు ఎక్కి దిగాలి కదా.

సిడ్నీ_హసన్‌పర్తి:
బావగారూ, ఇక్కడ పెద్ద స్టేషన్లలో దాదాపు అన్నిట్లో లిఫ్ట్ ఉంటుంది. మెట్ల గొడవ స్టేషన్లో కాదు, స్టేడియం లోపల. పై అంతస్తు సీట్లు చవకగా వస్తున్నాయని కొంటే అక్కడ నిటారుగా మెట్లు. అమ్మ కోసం మెట్లు తక్కువ ఉండే సీట్లు టికెట్ కొనేటప్పుడే చూసుకోవాలి, తర్వాత మార్చడం కష్టం. పార్కింగ్ కన్నా ఇదే ముందు చూడాల్సింది, దీని గురించి ఎవరూ అడగరు.

ఇక సిడ్నీ. ఫైనల్ జరిగేది ఒలింపిక్ పార్క్‌లో ఉన్న స్టేడియంలో, 2000 ఒలింపిక్స్ కోసం కట్టింది, 80,000 పైనే పట్టే స్టేడియం. 2003లో కూడా ఫైనల్ అక్కడే జరిగింది, ఇంగ్లండ్ చివరి నిమిషంలో డ్రాప్ గోల్‌తో 20-17తో ఆస్ట్రేలియాను ఓడించింది, ఇక్కడి వాళ్లు ఇప్పటికీ ఆ మాట ఎత్తితే ముఖం తిప్పుకుంటారు. ఇక్కడ పర్త్‌లా కాదు, బహుళ అంతస్తుల కార్ పార్కులు ఉన్నాయి, మ్యాచ్ రోజుకి ముందే ఆన్‌లైన్లో బుక్ చేసుకోవాలి. అయితే అసలు బాధ మ్యాచ్ అయిపోయాక. అందరూ ఒకేసారి బయటికి తీస్తారు. పిల్లలు ఆకలని ఏడుస్తుంటే కార్ పార్కు మూడో అంతస్తులో కదలని లైన్లో కూర్చోవడం ఎట్లా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. ఈలోపు రైల్లో పోయినవాళ్లు ఇంటికి పోయి అన్నం తింటుంటారు.

చుట్టుపక్కల కాలనీల్లో పెట్టి నడిచి వద్దామని చాలామంది అనుకుంటారు. పెద్ద మ్యాచ్‌లు ఉన్న రోజు ఆ వీధుల్లో పర్మిట్ ఉన్న స్థానికులకే పార్కింగ్, మిగతావాళ్లకు చలానా. అద్దె కారు అయితే చలానా మీద కంపెనీవాళ్లు తమ చార్జీ ఇంకొంత కలిపి మీ కార్డులోంచే లాగేస్తారు, మీరు హనుమకొండ చేరాక మెసేజ్ వస్తుంది.

హంటర్‌రోడ్_హారిక:
మరి రూమ్ ఎక్కడ తీసుకోవాలో కూడా చెప్పండి అన్నా, మేం కూడా ఆలోచిస్తున్నాం.

సిడ్నీ_హసన్‌పర్తి:
ఒలింపిక్ పార్క్‌లోనే హోటళ్లు ఉన్నాయి, కానీ టీమ్‌లు, టీవీ వాళ్లు, ప్యాకేజీ వాళ్లు ఉంటారు కాబట్టి మనకు మిగిలేది ఖరీదైనవే. స్టేడియం చుట్టూ వెతకడం మానేసి రైలు లైన్ పట్టుకుని వెతకండి. పారమటా, హారిస్ పార్క్, వెస్ట్‌మెడ్, వెంట్‌వర్త్‌విల్, ఇవన్నీ ఒకే లైన్ మీద ఉన్నాయి. అక్కడ ఎక్కి లిడ్‌కోంబ్‌లో మారితే ఒలింపిక్ పార్క్. ఈ ఊళ్లన్నీ మనవాళ్లతో నిండి ఉంటాయి. హారిస్ పార్క్‌లో విగ్రామ్ స్ట్రీట్ మీద నడుస్తుంటే దోశ, బిర్యానీ, చాట్ అన్నీ దొరుకుతాయి, అమ్మకి తిండి బెంగ ఉండదు.

హోటల్ కన్నా వంటగది ఉండే సర్వీస్డ్ అపార్ట్‌మెంట్ చూసుకోండి. ఐదుగురు అంటే హోటల్లో రెండు రూములు అంటారు, అపార్ట్‌మెంట్ అయితే రెండు బెడ్‌రూములు, కుక్కర్ పెట్టుకునే పొయ్యి, వాషింగ్ మెషిన్. పిల్లలతో పది రోజులంటే వాషింగ్ మెషిన్ విలువ ఏంటో మీ ఆవిడని అడగండి.

పరకాల_టు_పర్త్:
ఇంకోటి, ఊరి బయట హాలిడే పార్కులు అని ఉంటాయి, వాటిల్లో క్యాబిన్లు అద్దెకిస్తారు. చిన్న ఇల్లు లాగా, ముందరే కారు పెట్టుకోవచ్చు, వంట చేసుకోవచ్చు. కారు తీసుకోవాలని గట్టిగా ఉంటే హోటల్ కన్నా అవే నయం. పాత రకం మోటెల్స్‌లో కూడా రూమ్ ముందే పార్కింగ్ ఉంటుంది, దానికి వేరే డబ్బు తీసుకోరు మామూలుగా. సిటీ నడిబొడ్డు హోటళ్లలోనే ఆ రోజువారీ పార్కింగ్ చార్జీ.

జమ్మికుంట_బావ:
చూశావా, చివరికి కారు దగ్గరికే వచ్చారు.

నిట్_పాతకాపు:
కారు వద్దని ఎవరన్నారు బావా, మ్యాచ్ రోజు వద్దంటున్నారు. నేను మెల్‌బోర్న్‌లో ఉంటా. 2022 అక్టోబర్ 23న ఎంసీజీలో ఇండియా, పాకిస్తాన్ టీ20 మ్యాచ్‌కి 90,000 పైగా వచ్చారు, మా ఇంట్లో ఆ వారం ఎంతమంది పడుకున్నారో లెక్కే లేదు, హాల్లో, కిచెన్ పక్కన, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ. మేం ఉండేది పాయింట్ కుక్ వైపు, తెలుగువాళ్లు బాగా ఉన్న ఏరియా. అందరం కార్లలో స్టేషన్ దాకా పోయి, అక్కడ పెట్టేసి రైలెక్కాం. స్టేషన్ పార్కింగ్ కూడా మధ్యాహ్నానికే నిండిపోయింది, కాబట్టి మ్యాచ్ రోజు పొద్దున్నే పోయి కారు పెట్టి రావాలి, లేదంటే ఎవరైనా దింపి రావాలి.

వరల్డ్ కప్ మెల్‌బోర్న్ మ్యాచ్‌లు డాక్‌లాండ్స్ స్టేడియంలో. సదరన్ క్రాస్ స్టేషన్ నుంచి నడక వంతెన దాటితే స్టేడియమే, పైగా అది ఉచిత ట్రామ్ జోన్‌లో ఉంది. సిటీలో ఎక్కడ రూమ్ తీసుకున్నా టికెట్ లేకుండా ట్రామ్‌లో పోవచ్చు. అక్కడ కారు నడపడం వేరే తలనొప్పి, ట్రామ్‌లు ఉన్న కొన్ని చౌరస్తాల్లో కుడికి తిరగాలంటే ఎడమ పక్కకు వచ్చి ఆగి, సిగ్నల్ మారాక తిరగాలి. మొదటిసారి చూసినవాడికి గుండె ఆగుతుంది.

సుబేదారి_శీను:
బావ మాటలో కొంత నిజం ఉందన్నా. అమ్మ గుడికి పోదాం అంటుంది, పిల్లలు కంగారూలు అంటారు, అవన్నీ రైల్లో ఎట్లా?

సిడ్నీ_హసన్‌పర్తి:
ఆ రోజులకు కారు తీసుకోండి, అంతే. మొత్తం ట్రిప్‌కి కాదు, రెండు రోజులకు. హెలెన్స్‌బర్గ్‌లో వెంకటేశ్వర స్వామి గుడి ఉంది, సిటీకి దక్షిణంగా గంట ప్రయాణం, అడవి మధ్యలో, అమ్మకి బాగా నచ్చుతుంది. అక్కడికి కారే సుఖం, పార్కింగ్ కూడా ఉంది. అటు నుంచి సముద్రం పక్క రోడ్డు మీద ఇంకాస్త ముందుకు పోయి రావచ్చు.

కారు తీసుకునే ముందు కొన్ని సంగతులు. హనుమకొండ ఆర్టీఏలో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకోండి, ఏడాది చెల్లుతుంది, మన లైసెన్స్ కూడా వెంట ఉండాలి. డ్రైవ్ చేసేవాళ్ల పేరు మీదే క్రెడిట్ కార్డు అడుగుతారు, దాంట్లో డిపాజిట్ బ్లాక్ చేస్తారు, డెబిట్ కార్డు పట్టుకుపోతే కౌంటర్ దగ్గర గొడవ. ఏడేళ్ల లోపు పిల్లలకు చైల్డ్ సీటు తప్పనిసరి, మీ పాపకి కావాలి, బుకింగ్ అప్పుడే చెప్పాలి. సిడ్నీలో టోల్ గేట్లు ఉండవు, డబ్బు తీసుకునే మనిషే ఉండడు, కెమెరా నంబర్ ప్లేట్ చూసి కట్ చేస్తుంది, తర్వాత అద్దె కంపెనీ దాని మీద తన చార్జీ వేస్తుంది.

హంటర్‌రోడ్_హారిక:
రోడ్డు పక్కన పెట్టడం ఎట్లా? మన నక్కలగుట్టలో లాగా ఖాళీ ఉన్నచోట పెట్టేస్తే?

సిడ్నీ_హసన్‌పర్తి:
హా హా, వద్దు చెల్లీ. ముందు బోర్డు చదవాలి. "2పీ" అని ఉంటే రెండు గంటలు, కింద ఏ రోజుల్లో, ఏ టైమ్ నుంచి ఏ టైమ్ దాకా అని ఉంటుంది, ఆ టైమ్ బయట మామూలుగా ఫ్రీ. "నో పార్కింగ్" అంటే మనుషులను దింపి వెంటనే పోవచ్చు, "నో స్టాపింగ్" అంటే అసలు ఆగకూడదు. "క్లియర్‌వే" అని కనిపిస్తే ఆ టైమ్‌లో కారు పెడితే టోయింగ్ లారీ ఎత్తుకుపోతుంది. మనవాళ్లు ఎక్కువ దొరికిపోయేది మాత్రం వేరే దాంట్లో: రోడ్డుకి అవతలి పక్క ఖాళీ కనిపిస్తే అడ్డంగా పోయి ఎదురు దిశలో పెట్టేస్తారు. ఇక్కడ బండ్లు పోయే దిశకే ముఖం పెట్టి ఆపాలి, లేకపోతే అది కూడా చలానాయే.

భీమారం_భాస్కర్:
నేను రూమ్ గురించి ఒక్కటి చెప్తా. మా తమ్ముడు విదేశంలో ఒక పెద్ద టోర్నమెంట్‌కి పోయినప్పుడు, ఆరు నెలల ముందు కన్ఫర్మ్ అయిన బుకింగ్‌ని ఆ హోటల్ వాళ్లు "టెక్నికల్ సమస్య" అని రద్దు చేశారు. అదే రూమ్ మరుసటి రోజు మూడింతల రేటుకి అమ్మకానికి పెట్టారు. ఫోన్ చేస్తే సారీ సర్ అంటారు, మెయిల్ పెడితే జవాబు లేదు. చివరికి గంట దూరంలో ఒక తెలిసినాయన ఇంట్లో దిగాడు. అందుకని ఒకే బుకింగ్‌ని నమ్ముకోకండి. ఉచితంగా రద్దు చేసుకునేవి రెండు పెట్టుకుని, దగ్గర పడ్డాక ఒకటి వదిలేయండి. రద్దు గడువు తేదీ ఫోన్లో అలారం పెట్టుకోండి, అది మర్చిపోతే రెండిటికీ కట్టాలి.

నిట్_పాతకాపు:
ఇద్దరు ముగ్గురు కలిసి ఇట్లా రెండేసి పెట్టుకుంటే మిగతావాళ్లకు రూములే దొరకవు కదా భాస్కరన్నా. సరే, హోటళ్లే అట్లా ఉంటే మనమేం చేస్తాం. ఇంకో సంగతి, వీసా రాకముందే రిఫండ్ లేని రూమ్ కట్టకండి. మనకు విజిటర్ వీసా, సబ్‌క్లాస్ 600, ఆన్‌లైన్లోనే అప్లై చేయాలి, ఐదుగురికీ వేర్వేరు అప్లికేషన్లు. ఒకరిది ఆలస్యమైతే మొత్తం ప్లాన్ ఆగుతుంది.

మొదటి ఆదివారం, అంటే అక్టోబర్ 3న, సిడ్నీలో గడియారాలు గంట ముందుకు జరుపుతారు. పర్త్‌లో జరపరు. ఆ వారంలోనే మీరు పర్త్ నుంచి సిడ్నీ వస్తున్నారు కాబట్టి ఫ్లైట్ టైమ్, రూమ్ చెకిన్ టైమ్ జాగ్రత్తగా చూసుకోండి, రెండు ఊళ్ల మధ్య తేడా రెండు గంటలు కాదు, మూడు గంటలు.

సుబేదారి_శీను:
అయ్యో, ఇది చూడనే లేదు, థాంక్స్. ఇంకో సమస్య ఇప్పుడే ఇంట్లో మొదలైంది. క్యాలెండర్ చూస్తే ఆ రోజులే బతుకమ్మ, తర్వాత దసరా. "సద్దుల బతుకమ్మ విడిచిపెట్టి పరాయి దేశంలో బంతాట చూస్తావా" అని అమ్మ అంటోంది.

హంటర్‌రోడ్_హారిక:
మీ అమ్మగారి వైపే నేను.

సిడ్నీ_హసన్‌పర్తి:
అమ్మకి చెప్పండి, ఇక్కడ తెలంగాణ వాళ్లు ఏటా బతుకమ్మ ఆడతారు, హాలు బుక్ చేసి, వందల మంది వస్తారు. అయితే తంగేడు పూలు, గునుగు పూలు బ్యాగులో పెట్టుకుని రావద్దు, ఎయిర్‌పోర్టులోనే తీసేసుకుంటారు. పూలు, విత్తనాలు, తిండి ఏది తెచ్చినా దిగేటప్పుడు ఇచ్చే కార్డులో రాయాలి. రాసి చూపిస్తే మహా అయితే పారేస్తారు, రాయకుండా దొరికితే జరిమానా. సకినాలు, కారప్పూస లాంటివి రాసి చూపిస్తే మామూలుగా వదిలేస్తారు, చికెన్ పచ్చడి మాత్రం తేవద్దు.

కాజీపేట_జంక్షన్:
అక్కడి పార్కింగ్ సరే, ఇక్కడిది? శంషాబాద్‌లో అన్ని రోజులు కారు పెడితే ఆ బిల్లుతో ఇంకో టికెట్ వస్తుంది. మామునూరులో విమానాలు ఎగిరేదాకా మనకు ఈ తిప్పలు తప్పవు. ఐదుగురు, సామాన్లు కాబట్టి హనుమకొండ నుంచి పెద్ద క్యాబ్ మాట్లాడుకో, ఘట్‌కేసర్ దగ్గర ఓఆర్‌ఆర్ ఎక్కితే సిటీలోకి పోకుండా నేరుగా పోవచ్చు. ఒక్కడివే అయితే కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి పుష్పక్ బస్సు అనేవాణ్ని.

సిడ్నీ_హసన్‌పర్తి:
అదే లెక్క ఇక్కడ కూడా. సిడ్నీ ఎయిర్‌పోర్టు రైలు స్టేషన్లో మామూలు టికెట్ మీద స్టేషన్ ఫీజు అని వేరే పడుతుంది, మనిషికింత. ఐదుగురు, బ్యాగులు అంటే పెద్ద ట్యాక్సీ తీసుకున్నా పెద్ద తేడా రాదు. దిగిన రోజు, ఎక్కే రోజు ట్యాక్సీ, మ్యాచ్ రోజు రైలు, గుడి రోజు కారు.

జమ్మికుంట_బావ:
సరే ఒప్పుకున్నా, మ్యాచ్ రోజు రైలే. కానీ గుడి రోజు ఏడు సీట్లదే తీసుకో బావా, ఐదు సీట్లలో చైల్డ్ సీటు పెడితే వెనక పెద్దామె ఇరుక్కుంటుంది.

సుబేదారి_శీను:
ఇది మంచి మాట. అయితే పర్త్‌లో సిటీలో రూమ్, కారు లేదు. సిడ్నీలో వెస్ట్‌మెడ్ లేదా వెంట్‌వర్త్‌విల్ వైపు అపార్ట్‌మెంట్, స్టేషన్‌కి నడిచేంత దూరంలో, లిఫ్ట్ ఉందో లేదో చూసి. రెండు రోజులకు కారు. ముందు టికెట్లు, మెట్లు తక్కువ ఉన్న సీట్లు, తర్వాత వీసా, తర్వాతే రిఫండ్ లేని బుకింగ్‌లు ఏమైనా. హసన్‌పర్తి అన్నా, బతుకమ్మ ఏ ఏరియాలో ఆడతారో తెలిస్తే చెప్పండి, దాని దగ్గర్లోనే రూమ్ చూస్తే అమ్మ ఒప్పుకునేలా ఉంది.

సిడ్నీ_హసన్‌పర్తి:
హాలు ప్రతి ఏడూ మారుతుంది తమ్ముడూ, ఆగస్టు వచ్చాక చెప్తారు. కానీ ఎక్కువగా ఆ వెంట్‌వర్త్‌విల్, పారమటా చుట్టుపక్కలే ఉంటుంది, మీరు ఎట్లాగూ అక్కడే ఉంటారు.

భూపాలపల్లి_బొగ్గు:
బ్రిస్బేన్ గురించి ఎవరూ చెప్పలేదు? మా అక్క అక్కడే ఉంటుంది, మ్యాచ్‌కి పోదామంటోంది. వాళ్లకు రెండు కార్లు ఉన్నాయి.

నిట్_పాతకాపు:
రెండు కార్లూ ఇంట్లో పెట్టేయమని చెప్పు. అక్కడి లాంగ్ పార్క్ స్టేడియం (సన్‌కార్ప్ అంటారు) చుట్టూ మ్యాచ్ రోజు వీధుల్లో పదిహేను నిమిషాలకు మించి కారు ఆపనివ్వరు. మిల్టన్ స్టేషన్లో దిగి నడవండి.